మిరపకోతకు ముందు మల్లెపూలు

రిటైరైన తెలుగు మాస్టారికి జగ్గయ్యపేటలో పనికి కరువుండదు. శుభలేఖకి నాలుగు వాక్యాలు, పదవీ విరమణకి సన్మానపత్రం, అన్నిటికంటే ఎక్కువగా ఫ్లెక్సీకి మేటరు. మా పేటలో ఫ్లెక్సీ కట్టని సంఘటన జరగనట్టే లెక్క. నాయకుడి పుట్టినరోజు, నాయకుడి కొడుకు పుట్టినరోజు, ఓణీల ఫంక్షను, కొత్త కారు, మోకాలి ఆపరేషను చేయించుకుని క్షేమంగా తిరిగొచ్చిన పెద్దమనిషికి స్వాగతం. చావులు సరేసరి. నేను దేవుణ్ణి నమ్మను, కర్మకాండని నమ్మను, మా నాన్న పోతే పెద్దకర్మ చెయ్యనని బంధువులందరితో తగువు పెట్టుకున్నవాణ్ణి. అయినా ‘అశ్రునివాళి’ అనే మాటని ఈ చుట్టుపక్కల నాకంటే ఎక్కువసార్లు రాసినవాడు ఉండడు.

ఆ అమ్మాయి వచ్చింది కూడా ఆ పనికే. పొద్దున్నే అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను. చెప్పులు మెట్ల కింద విప్పి నిలబడింది. వత్సవాయి దగ్గర పల్లెలో నేను పనిచేసేటప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. బళ్ళో వక్తృత్వ పోటీ పెడితే నేను నేర్పిన వాదనతో నన్నే ఇరుకున పెట్టేది. పది తర్వాత చదువు ఆగింది, పెళ్ళయింది, పొలం పనుల్లో పడింది.

“మాస్టారండీ, ఫ్లెక్సీకి రాసిపెట్టాలండి” అంది.

“ఎవరికమ్మా?”

“మా పాపకండి.”

“మొదటి పుట్టినరోజా?”

“కాదండి. చనిపోయిందండి.”

పేపరు మడిచి పక్కన పెట్టాను. ఫోను తీసి ఫోటో చూపించింది. బోసినోటి పిల్ల, నెత్తిమీద కుందేలు చెవులు. ఫోనులో పెట్టే బొమ్మ చెవులు అవి. ఎనిమిదో నెలలో పోయిందట.

నాకు ముందు తట్టింది ఒక మాట వినపడకపోవటం. మా వైపు పసిపిల్ల పోతే ‘చనిపోయింది’ అనరు. ‘దక్కలేదు’ అంటారు. పొలం దక్కలేదు, ఉద్యోగం దక్కలేదు, పిల్ల దక్కలేదు. మూడిటికీ ఒకటే క్రియ. చిన్నప్పుడు మా అమ్మ నోట నేను ఆ మాట చాలాసార్లు విన్నాను. “నీ ముందు ఇద్దరు దక్కలేదు రా” అనేది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, చేతులు ఆపకుండా. నందిగామలో కుర్రతనంలో మేం సంస్కరణ సభలు పెట్టుకునేవాళ్ళం. అక్కడ నేను ఆ మాట మీదే ఒకసారి గంటసేపు మాట్లాడాను. ఆ క్రియకి కర్త లేడు, చూడండి అన్నాను. ఎవరు దక్కనివ్వలేదో చెప్పదు. ఎవరి చెయ్యి జారిందో చెప్పదు. హంతకుణ్ణి వాక్యం లోంచి తప్పించటానికే ఇంత మర్యాదైన మాట పుట్టింది అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ సభలో పిల్లని పోగొట్టుకున్న తల్లి ఒక్కతీ లేదు. అంతా మగవాళ్ళమే.

ఈ పిల్ల ఆ మాట వాడలేదు. చనిపోయింది అంది.

ఏం కావాలని అడిగితే చెప్పింది. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. వాళ్ళలో పెద్దవాళ్ళు పోతే జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ఫోటోకి దండ వేసి, పాస్టరుగారు ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళు పోయిన మనిషి గురించి తలా నాలుగు మాటలు చెప్పి, భోజనాలు చేసి వెళ్తారు. పాపకి అలాంటి కూడిక పెట్టాలని ఈమె పట్టు. ఇంటిల్లిపాదీ కాదంటున్నారు.

“పసిగుడ్డుకి కూడికేంటి, దాని గురించి ఏం మాట్లాడతాం అంటున్నారండి. ఏం చేసిందనీ, పాలు తాగింది, పడుకుంది అంటారు మా ఆయన.”

“నువ్వేం మాట్లాడదామని?”

“ఎందుకు చచ్చిపోయిందో.”

అప్పుడు అసలు సంగతి చెప్పింది. “మా తోడికోడలికి మగపిల్లాడండి. నాలుగో నెల. రెండో కోతకి దాన్నీ రమ్మంటన్నారు. దాని పాలు ఎండకూడదండి. నా పిల్ల ఎట్టాగూ రాదు. వాడన్నా ఉండాలి.”

ఇక్కడ మిరపకోత గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. మా మెట్ట ప్రాంతంలో పత్తి, మిరప. మిరప పండితే ఊళ్ళకి ఊళ్ళు ఆడవాళ్ళు ముఠాలుగా ఆటోలెక్కి పోతారు. రోజంతా పండుకాయ తుంచిన చెయ్యి మామూలు చెయ్యి కాదు. ఆ చేత్తో కన్ను తుడుచుకోలేరు, చెంగు సర్దుకుంటే మెడ మండుతుంది. మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె పట్టించినా తెల్లారేదాకా మంట ఉంటుంది. పాలివ్వాలంటే ఆ చేతులే కావాలి. బిడ్డ బుగ్గకి ఆ వేలు తగిలితే ఎక్కిళ్ళు పట్టేలా ఏడుస్తుంది. అందుకని కోతకి కుదురుకునే ముందే చంటిబిడ్డకి పాలు మాన్పిస్తారు.

మాన్పించటానికి వాళ్ళ దగ్గరున్న మందు మల్లెపూలు. పూలు రొమ్ముల మీద పరిచి, పాతచీర ముక్కతో బిగించి కట్టుకుంటారు. వాడితే తీసి కొత్తవి కడతారు. కొన్నాళ్ళకి పాలు వెనక్కి పోతాయి. చాలాకాలం క్రితం మొదటిసారి విన్నప్పుడు దీన్ని కూడా నా మూఢనమ్మకాల పట్టీలో చేర్చాను. తర్వాత డాక్టరు చదివిన శిష్యుడొకడు, “లేదు మాస్టారూ, అది పనిచేస్తుంది” అన్నాడు. పక్షిదోషానికి తాయెత్తు పనిచెయ్యదు, గాలి సోకితే వేపమండ పనిచెయ్యదు, దిష్టికి ఉప్పు పనిచెయ్యదు. ఇన్నిట్లో నిజంగా పనిచేసేది ఇదొక్కటి దొరికింది మా వాళ్ళకి. అదీ బిడ్డ నోటి దగ్గర పాలు ఆపటానికి.

ఈ అమ్మాయీ కట్టుకుంది. అప్పటికి మల్లెల కాలం ఇంకా రాలేదు. పేటలో కాగడామల్లెలు దొరికితే వాళ్ళాయన తెచ్చాడట. “పూలు తెచ్చాడని సంబరపడ్డా కూడా అండి, ముందు” అంది. తర్వాత పాపని అత్త దగ్గర వదిలి మొదటి కోతకి వెళ్ళింది. అత్త సీసాతో గేదెపాలు పట్టింది, సగానికి సగం నీళ్ళు కలిపి. పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. పళ్ళొస్తున్నాయి, పళ్ళొచ్చేటప్పుడు మామూలే అన్నారు. నీళ్ళు తాగితే ఇంకా పోతాయని నీళ్ళు ఆపారు. ఆశా కార్యకర్త ఇచ్చిన ఓఆర్ఎస్ ప్యాకెట్టు గూట్లో అలాగే ఉంది. కళ్ళు లోపలికి పోయాక ఊళ్ళో ఆర్ఎంపీ సూది వేశాడు. మర్నాడు పేటకి తెచ్చారు. పిల్లల డాక్టరు లేరు, నందిగామ పొమ్మన్నారు. నందిగామలో చూసి విజయవాడ పొమ్మన్నారు. ఆటోలో బయల్దేరారు. కంచికచర్ల దాటారు, పరిటాల చేరకముందే పాప పోయింది. అక్కడ హైవే పక్కన ఆకాశమంత హనుమంతుడి విగ్రహం ఉంది. మందు కోసం కొండనే ఎత్తుకొచ్చిన దేవుడని చెప్తారు. ఆ పిల్లకి కావలసినవి చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార, కాచి చల్లార్చిన నీళ్ళు. ఏ కొండ మీదా లేవవి. వాళ్ళ వంటింట్లోనే ఉన్నాయి.

నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. కూడికకి ఒప్పించాల్సింది పాస్టరుగారినీ, అత్తనీ. అత్త ఇంటి ముందు, కూలికి తెచ్చుకున్న మిరపకాయల రాశి దగ్గర కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారు. ఎర్రకాయలో కలిస్తే ధర పోతుందని ఏరి పక్కన పారేస్తారు. తోడికోడలు గడపలో కూర్చుని కొడుకుకి పాలిస్తోంది. వాడు పిడికిలితో తల్లి తాళిని పట్టుకుని గట్టిగా గుంజుతున్నాడు. మంచి ఒళ్ళు, మెడ కింద మడతలు.

“రండి మాస్టారండీ. మా కోడలు మీ దాకా వచ్చిందా?” అంది అత్త. “ఏడిస్తే పోద్దనుకున్నా. ఫ్లెక్సీ దాకా పోయింది.”

“పళ్ళు వస్తే విరేచనాలవుతాయని ఎవరు చెప్పారమ్మా నీకు?”

“ఎవరు చెప్పాలండీ? నాకు పుట్టినోళ్ళందరికీ అయినియ్యి. మీకు అవలేదేంటి, పళ్ళతోనే పుట్టారా?”

“అత్తా!” అంది నా శిష్యురాలు, ఆ ఇంటి పెద్దకోడలు.

“ఊరుకోయే, మాస్టారు ఏమనుకోరులే.” నవ్వింది. పంటి సందుల్లో ఆకు రంగు. “ఏడుగుర్ని కన్నానండి. నలుగురు దక్కారు.”

“మిగతా ముగ్గురు?”

“ఏముందండీ. దక్కలేదు.”

“సరే. నీళ్ళెందుకు ఆపావు?”

ఆవిడ నావైపు, బడికి రాని పిల్లాడివైపు చూసినట్టు చూసింది. “కుండకి చిల్లి పడితే నీళ్ళు పోస్తా కూచుంటామా అండీ? ముందు చిల్లి ఆగాలిగా.”

ఇదీ నన్ను నిలేసిన మాట. సభల్లో మేం అజ్ఞానం, అంధకారం అని గొంతు చించుకునేవాళ్ళం. ఇది అంధకారం కాదు. ఇది తర్కం. చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఊహించటం, నేను బళ్ళో నేర్పిందే. మట్టిని గురించి అక్షరాలా నిజం, ఒంటిని గురించి ప్రాణాంతకం. ఆ తేడా చెప్పాల్సినవాళ్ళు ఆ ఇంట్లో కూర్చోనూ లేదు, ఆవిడ కుండ మాట విననూ లేదు. ప్యాకెట్టు ఇచ్చి వెళ్ళారు.

“కుండ ఎండితే మళ్ళీ నింపుకోవచ్చమ్మా. పిల్ల ఎండితే?” అన్నాను.

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని ఎర్రకాయల్లో వేసింది. తాలుకాయ అది. పెద్దకోడలు వంగి తీసి పక్కన పారేసింది.

“పాలల్లో అన్ని నీళ్ళు పోశావేం?” అన్నాను, గొంతు తగ్గించి.

“చిక్కటిపాలు చంటిదానికి అరగవండి.” తర్వాత రాశివైపు చూస్తూ, “అరిగినా ఎక్కడియ్యండీ” అంది.

చిక్కటిపాలు కొనలేని ఇంట్లో చిక్కటిపాలు అరగవనే శాస్త్రం పుడుతుంది. పాలివ్వటానికి కూర్చుంటే పూట గడవని ఇంట్లో మల్లెపూల వైద్యం పుడుతుంది. నేను ముందు నమ్మకాన్ని పీకేద్దాం, తర్వాత పేదరికం సంగతి చూద్దాం అని ముప్పై ఏళ్ళు వాదించినవాణ్ణి. పీకటానికి పట్టుకుంటే రెండిటికీ వేరు ఒకటే.

పాస్టరుగారు మంచి మనిషి. నన్ను చూడగానే నవ్వారు. “మాస్టారూ, మీరు దేవుణ్ణే నమ్మరు. మా కూడిక మీకెందుకండీ?”

“అందుకేనండీ. మీరు పైవాడి మీద పెడతారు. కిందున్నవాళ్ళ మీద పెట్టటానికి ఒకడు ఉండాలి కదా.”

“పసిబిడ్డలకి మాలో ఆనవాయితీ లేదండి.”

“మాలోనూ లేదు. పళ్ళు రాని బిడ్డ పోతే మైలే లేదు పొమ్మంటారు మా పురోహితులు. స్నానం చేస్తే సరి. మీ మతమూ మా మతమూ ఎక్కడా కలవవు, దీని దగ్గర కలిశాయి.”

పాస్టరుగారు తల వంచుకుని ఆలోచించారు. జ్ఞాపకార్థం అనొద్దు, ప్రార్థన కూడిక అందాం, మీరు ఒక ఐదు నిమిషాలు మాట్లాడండి, దేవుణ్ణి మాత్రం తిట్టొద్దు అన్నారు. ఒప్పుకున్నాను.

ఫ్లెక్సీకి నందిగామ వెళ్ళాం, నేనూ ఆ అమ్మాయీ. షాపు కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని, “చావు డిజైన్లు ఇవి సార్” అని వరసగా చూపించాడు. దీపాలు, పావురాలు, మేఘాల మధ్య మెట్లు. అన్నిట్లోనూ నమూనాకి మీసాలున్న ముసలాయన ఫోటోనే.

“చిన్నపిల్లలకి లేవా బాబూ?”

“చిన్నపిల్లలంటే బర్త్‌డేనే సార్. బెలూన్లు ఉంటాయి.” తర్వాత ఫోటో చూసి, “ఈ చెవులు తీసేస్తా అక్కా, సీరియస్‌గా ఉండాలిగా” అన్నాడు.

“వద్దు తమ్ముడూ, ఉంచు. దానికున్న ఫోటో అదొక్కటే” అంది.

నేను రాసుకొచ్చిన మేటరు ఇచ్చాను. చదివి, పెన్ను అడిగి తీసుకుంది. “వ్యవస్థ అని రాశారు, తీసేస్తానండి. మావాళ్ళు అదెవరో అనుకుంటారు.” కొట్టేసింది. ‘దోపిడీ’ కొట్టేసింది. ‘అజ్ఞానం’ దగ్గర ఆగి, “మా అత్త చదివించుకుంటది” అని అదీ కొట్టేసింది. చివరికి మిగిలింది ఇది: ‘మా పాప చనిపోయింది. కోత కోసం పాలు మాన్పించాం. నీళ్ళపాలు పట్టాం. విరేచనాలైతే నీళ్ళు ఆపాం. పళ్ళు అనుకున్నాం. కాదు. అమ్మలారా, పాలు ఆపకండి.’ నా జీవితంలో నేను రాసిన వ్యాసాలన్నీ కలిపినా ఇంత సూటిగా లేవు. రాసింది నేను కాదు కదా.

కూడిక వాళ్ళ చర్చి ముందు పందిట్లో జరిగింది. కుర్చీలో ఫోటో, కుందేలు చెవుల మీద నుంచి బంతిపూల దండ. ముఠాలో ఆడవాళ్ళు చాలామంది పొలం నుంచి తిన్నగా వచ్చారు, చేతులు ఒళ్ళోంచి పైకి ఎత్తి పట్టుకుని, దేనికీ తగలకుండా. పాస్టరుగారు ఇచ్చినవాడే తీసుకున్నాడని చెప్పి, నావైపు ఒకసారి చూసి, క్లుప్తంగా ముగించారు.

నేను లేచాను. దేవుణ్ణి తిట్టలేదు. మా వీధి గురించి చెప్పాను.

“మాది పేటలో కోమట్ల వీధి. మా అమ్మకి ఇద్దరు దక్కలేదు. మా మేనత్తకి ముగ్గురు. ఇప్పుడు మా వీధిలో ఆ మాట అనేవాళ్ళు లేరు. మా మనవలకి ఆ మాట అర్థం కూడా తెలియదు. మా వాళ్ళకి బుద్ధొచ్చిందా? లేదు. మా ఇళ్ళల్లో ఇప్పటికీ పిల్ల తుమ్మితే దిష్టి తీస్తారు. మొలకి తాయెత్తు కడతారు. పళ్ళొస్తే విరేచనాలు అవుతాయని మా ఆవిడ కూడా అంటుంది. కాకపోతే అంటూనే కారు తియ్యమంటుంది. మూఢనమ్మకం రెండు వీధుల్లోనూ ఉంది. చావు మీ వీధిలోనే ఉంది. ఎందుకో మీరే చెప్పండి.”

  ఒక ముసలామె, “బాగా చెప్పాడు మాస్టారు” అంది పక్కావిడతో, పాట బాగుందన్నట్టు. తోడికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఒళ్ళో పిల్లాడు ఫోటో దండలోంచి బంతిపువ్వు తుంచాలని చెయ్యి చాస్తున్నాడు.

అప్పుడు ముఠా మేస్త్రి లేచింది. రైతుతో మాట్లాడి ఆడవాళ్ళని కోతకి కుదిర్చేది ఆవిడే. గట్టి మనిషి, గొంతు పొలం దాటి వినపడుతుంది.

“మాస్టారు చెప్పిందానికి నేను కాదనను. నేనూ తల్లినే. కానీ పండిన కాయ చెట్టు మీద ఆగదుగా అండీ. తాలైపోద్ది. మీరు రాపోతే రైతు వేరే ముఠాని తెచ్చుకుంటాడు, ఒకసారి పోయిన పొలం మళ్ళీ మనకి రాదు. ఈ చంటోడి తల్లిని ఒకదాన్ని ఆపితే రేపు ఇంకొకతి అంటది, నాకు కడుపొచ్చింది అంటది, అత్తకి బాలేదంటది. నేనేం చెయ్యను?”

“దాని కోత నేను కోస్తా” అంది పాప తల్లి, కూర్చున్న చోటు నుంచే. “కాటా తూకాన్ని బట్టేగా కూలి. దాని బస్తా కూడా నేనే నింపుతా. దాని పేరు తియ్యమాక.”

“నీకు చేతులు రెండేగా పిల్లా.”

“రెండున్నాయిగా.”

మేస్త్రి సరేనన్నట్టు కొంగు దులుపుకుని కూర్చుంది.

నేను ఆ సాయంత్రం తోడికోడలి మొగుణ్ణి పక్కకి పిలిచి, కోత అయ్యేదాకా ఆమె కూలి నేనిస్తానన్నాను. అతను నేల చూశాడు. “ఊరికే ఎట్టా తీసుకుంటామండీ. ఊళ్ళో ఒకటంటే రెండంటారు. మీకు తెలవందా” అన్నాడు. నాకు తెలుసు. ఆ ముఠాలో చంటిబిడ్డల తల్లులు ఇంకా ఉన్నారనీ, నా పెన్షను ఆ ఆటో నిండా సరిపోదనీ కూడా తెలుసు. దానం వాదనకి బదులు కాదని నేనే ఎన్నోసార్లు రాశాను. ఆ రోజు నాకు రెండూ చెల్లలేదు.

ఫ్లెక్సీని వత్సవాయి సెంటర్లో, ముఠాల ఆటోలు ఆగే చోట కట్టారు. బస్సు దిగినప్పుడల్లా చూసేవాణ్ణి. ఆడవాళ్ళు ఆగి చదివేవాళ్ళు, చదువు రానివాళ్ళకి వచ్చినవాళ్ళు చదివి చెప్పేవాళ్ళు. “పళ్ళు కాదంటనే!” అని ఒకతి ఇంకొకతిని మోచేత్తో పొడవటం నేను విన్నాను. నా మనసు కొంచెం లేచింది, అబద్ధమెందుకు. తర్వాత ఎవరిదో పుట్టినరోజు వచ్చింది. దాని మీద ఇంకోటి కట్టారు. అదీ చిరిగాక రెండూ కలిపి ఎవరో విప్పుకుపోయారు. మళ్ళీ నేను దాన్ని చూసింది ఒక మిరప కల్లంలో. రాత్రి మంచు పడకుండా కాయల రాశి మీద కప్పి, అంచుల్లో రాళ్ళు పెట్టారు. అక్షరాలు లోపలివైపుకున్నాయి. ఒక చెవి కొస మాత్రం కనిపిస్తోంది.  గట్టి పట్టా దొరికితే ఎవరు వదులుకుంటారు.

పాప తల్లి రెండు బస్తాలు నింపింది. ఆటో రాకముందే సైకిలు మీద పొలానికి పోయేది, ఆటో వెళ్ళిపోయాక కూడా ఉండేది. అలా ఎన్నాళ్ళు చేసిందో నాకు లెక్క తెలియదు. నేను చూసేసరికి వేళ్ళ సందులు పగిలి, పగుళ్ళలో కారం దిగి, చేతులు అరిటాకులో పెట్టి ఒళ్ళో ఉంచుకుని కూర్చుంది. అన్నం అత్త కలిపి పెడుతోంది.

“వాడు బాగున్నాడండి మాస్టారండీ” అంది నన్ను చూడగానే. “బోర్లా పడుతున్నాడు.”

“నీ చేతులు చూపించావా డాక్టరుకి?”

“ఇవి తగ్గుతయ్యిలెండి.” అత్త పెట్టిన ముద్ద నమిలి మింగింది. “ఇంకో కోత ఉందండి. అప్పటికి తగ్గుతయ్యి.”

అత్త ఇంకో ముద్ద కలుపుతూ కోడలి ముఖంలోకి చూడలేదు, నా ముఖంలోకీ చూడలేదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పేట బజారులో పూలబుట్టల వరసలో నడుస్తున్నాను. మల్లెలు గుట్టలుగా వచ్చే కాలం, వీధంతా వాసన. ఒక బుట్ట ముందు అత్త గొంతుక్కూర్చుని ఉంది. చేతిసంచీలో అప్పటికే సగం దాకా విడిపూలు ఉన్నాయి. దారానికి కట్టినవి కాదు, మాలలు కాదు. విడిపూలు.

“బాగున్నావా అమ్మా?” అన్నాను. తల ఎత్తి చూసి, లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది.

“పెద్దకోడలి చేతులు ఎలా ఉన్నాయి?”

“తేరుకోలేదండి. కాయ పట్టుకుంటే రక్తం వస్తంది.”

“మరి ఈ పూలు?”

సంచీ మూతి చేత్తో దగ్గరికి ముడుచుకుంది. “చిన్నకోడలికండి” అంది.

నా దగ్గర మాటలున్నాయి. కుండకీ బిడ్డకీ తేడా మళ్ళీ చెప్పొచ్చు. మా వీధి సంగతి మళ్ళీ చెప్పొచ్చు. ఆవిడకి అవన్నీ ఇప్పుడు తెలుసు. ఫ్లెక్సీ మీద మాటలు ఆవిడకి కంఠతా వచ్చు. తెలిసే కొంటోంది.

“పిల్లాడికి ఈసారి నీళ్ళు కాచి పడతానండి” అంది, నేనేమీ అడగకుండానే. “పాలల్లో నీళ్ళు కూడా తగ్గిస్తా. వీలైనంత తగ్గిస్తా.”

పూలమ్మికి ఇవేమీ తెలియవు. సంచీ నిండా మల్లెలు కొంటున్న ముసలామెని చూసి ముచ్చటపడింది. “ఏంటి మామ్మా, ఇన్ని పూలు! ఇంట్లో శుభకార్యమా?” అని, జవాబు కోసం చూడకుండానే, బుట్టలోంచి దోసెడు పూలు తీసి కొసరు వేసింది.